పదమూడో ఎక్కం

మూడో కాఫీ కూడా తలుపు బయటే మీగడ కట్టింది.

మొదటిది ఆరింటికి, రెండోది ఏడున్నరకి, ఇది మూడోది. పద్మప్రియ వంగి గ్లాసు తీసుకుంది. అమ్మ సుబ్బరత్నం అన్నం మానేస్తే అలక అనుకోవచ్చు. ఆవిడ కాఫీ మానేది మాత్రం ఏడాదికి ఒక్కరోజే. ఎండలు ముదిరే వేళ, ఏదో ఒక శుక్రవారం. ఒక ఏడు మార్చిలో వస్తుంది, ఒక ఏడు ఏప్రిల్లో. తిథికీ నక్షత్రానికీ అందని వ్రతం. లక్ష్మీదేవి కోసమని నాన్న, గ్యాస్ కోసమని పద్మప్రియ భర్త వెంకటకృష్ణ ఎప్పుడో తేల్చేశారు.

ఇవాళ శుక్రవారం కాదు. బుధవారం.

"అమ్మా, గడియ తియ్యవే."

లోపల్నుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. కోపమంతా కూతురి మీదే గాని కరెంటు మీద కాదన్నమాట.

హాల్లో తమ్ముడు మురళీకృష్ణ సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. ఏన్కూరులో ఎరువుల కొట్టు షట్టరైనా ఎత్తకుండా బండేసుకుని వచ్చాడు. ఖమ్మం ఖానాపురం హవేలిలోని ఈ ఇంటికి అతను ఇంత పొద్దున్నే రావడం గృహప్రవేశం తరవాత ఇదే.

"పద్నాలుగు ఫోన్లు వచ్చినయక్కా, రాత్రి నుంచి."

"అచ్చు కాకముందే పద్నాలుగు మంది చదివారా. అచ్చయినాక కూడా అంతమంది దొరకరనుకున్నా."

"నీకు నవ్వులాటగుంది."

నవ్వులాటగా లేదు. భయమేసినప్పుడు పద్మప్రియ నోరు ఇలాగే పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుగా కాపరం చేస్తున్న వెంకటకృష్ణకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆయన పేపరు దించలేదు. తగాదా వచ్చినప్పుడు రెండు పక్షాలకూ సమానంగా కనపడకుండా పోవడం ఆయన పద్ధతి.

చూడబోతే జరిగింది చిన్న సంగతే. పెళ్లిపత్రికల వెనకా, చింపేసిన క్యాలెండర్ కాగితాల వెనకా పాతికేళ్లుగా పద్మప్రియ రాసుకున్న కవితలు పుస్తకమవుతున్నాయి. చండ్రుగొండలో పెరిగిన ఇల్లు, ఏన్కూరు దాటగానే కొమ్మలు కిటికీలోకి చేతులు పెట్టే బస్సు దారి, జేబులో చితికిపోయిన తునికిపళ్లు, వాగు దాటేటప్పుడు నాన్న భుజం, నాయనమ్మ గొంతు. ఇవే అందులో ఉన్నవి. 'చెట్ల మధ్య బస్సు' అని పేరు పెట్టింది. ఆదివారం ఆవిష్కరణ. ఒకసారి చూసి పెట్టవే అని పేజీలన్నీ కూతురు లిఖితకు పంపింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న లిఖిత నలభై రెండో పేజీ దగ్గర ముచ్చటపడి, 'మా అమ్మ రాసింది' అంటూ దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పక్కన మూడు ఎర్రగుండెలు.

గంటలో సత్తుపల్లి నుంచి ఒక మేనత్త అడిగింది: 'ఇందులో విశ్రాంతమ్మ ఎవరు?'

మురళీకృష్ణ ఫోను తీసి, పోలీసు స్టేషన్లో వాంగ్మూలం చదివినట్టు, మళ్లీ ఒకసారి ఆ కవిత చదివాడు.

నేను పదమూడో ఎక్కం ఎత్తుకుంటే
నాయనమ్మ నిద్ర లేచినట్టు.
దొడ్లో రెండు కొంగుల కింద
మూడు చేతులు దాక్కుంటాయి.
నాలుగోది అమ్మది,
గోరుచుట్టుతో గుడ్డలో పడుకుంది.
విశ్రాంతమ్మ గోళ్లు
గింజను అడిగి అడిగి ఒలుస్తాయి.
ఊక గాలికి పోతుంది,
మొన విరగని గింజ పళ్లెంలోకి దిగుతుంది.
అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన
ఏ తలుపూ తట్టకుండా లోపలికొస్తుంది.
ఆ ఏటి నవమికి
సీతమ్మ తల మీద జలజలా రాలినవి
ఎవరి గోళ్లో
సీతమ్మ అడగలేదు.

"'పడుకుంది' దగ్గర కొంచెం ఆగాలి" అంది పద్మప్రియ.

"అక్కా."

"సరే, చెప్పు."

"నాకు మూడేళ్లప్పుడు విషజ్వరమొచ్చింది. మానెడు వడ్లు తన గోటితోని ఒలిచి రాములోరి కల్యాణానికి పంపుతనని అమ్మ మొక్కుకుంది. నేను బతికిందే ఆ మొక్కు మీద."

"డాక్టరు సూదులు కూడా వేశాడు" అన్నాడు వెంకటకృష్ణ, పేపరు వెనక నుంచి.

"బావా, మీరుండండి."

భద్రాచలం కల్యాణానికి మొక్కుకున్నవాళ్లు తలంబ్రాల వడ్లను రోట్లో దంచరు, మిల్లుకు పంపరు. గోటితో ఒక్కో గింజే ఒలుస్తారు. మొన విరిగితే ఆ గింజ పనికిరాదు. సుబ్బరత్నం అలా ఒలిచి పంపిన బియ్యంలోంచి స్వామి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చినవే ఒక పసుపుగుడ్డ మూటలో ఉన్నాయని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాళ్ల వైపు ఏ పెళ్లి జరిగినా ఆ మూటలోంచి ఒక చిటికెడు తలంబ్రాల పళ్లెంలో పడాలి. సుబ్బరత్నం ఎక్కడుంటే మూట అక్కడ. కంటి ఆపరేషన్ కోసం నాలుగు నెలల కింద కూతురింటికి వచ్చినప్పుడు ఆవిడతో పాటే వచ్చి దేవుడి అలమర మేకుకు వేలాడింది.

ఇవాళ పొద్దున మేకు ఒక్కటే ఉంది. ఆ సంగతి పద్మప్రియ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడు అత్తలందరు అడుగుతున్నరు. మా పిల్లల పెండ్లిళ్లకు చల్లినయి ఎవరి గోళ్లవి అని. ఏం చెప్పాలె నేను?"

"కడిగిన గోళ్లవని చెప్పు."

"అమ్మ ముఖం ఎట్ల చూపిచ్చుకుంటది? సిగ్గుతోని లోపల కూసుంది. నీ కవితల కోసం అమ్మని బజాట్లకు తెస్తవా?"

ఈ మాట తగిలింది. పద్మప్రియ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కాఫీ సింకులో పారబోసి, కడగాల్సిన దానికంటే ఎక్కువసేపు కడిగింది.

నిన్న సాయంత్రం అమ్మ తనే ఫోను అడిగి తీసుకుంది. కొత్త కంటితో, అక్షరం అక్షరం చదివింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క మాటే అంది. "ఆఖర్న తప్పు రాశావే." అంతే, గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. పద్మప్రియ ఆ ఆఖరి పంక్తులు ముమ్మారు చూసుకుంది. తప్పేమీ కనపడలేదు. ఎమ్మే తెలుగు ఎందుకూ కొరగాదని అనుకుంది.

ఎనిమిదింటికి ఆదాము ఫోను చేశాడు. ఆదాము విశ్రాంతమ్మ కొడుకు. చండ్రుగొండలో వాళ్ల దొడ్డి, వీళ్ల దొడ్డి ఒకటే కంచె. వాళ్ల నాన్న ఫారెస్టు డిపోలో వాచర్‌గా ఉండేవాడు. ఇప్పుడు వాళ్లదీ ఖమ్మమే. ఆదాము సంఘంలో పెద్ద. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని నడిచే మనిషి, నెమ్మదస్తుడు.

"అక్కా, అమ్మ పేరు తీసెయ్యి. అమ్మ తలంబ్రాలు ఒలిచిందంటే రేపు పాస్టరుగారు అడుగుతరు. నేనేం చెప్పాలె?"

ఆదాము, మురళీకృష్ణ ఒకే మాట మీదకు రావడం వాళ్లిద్దరి బతుకుల్లో ఇదే మొదటిసారి. చిన్నప్పుడు గోలీకాయల దగ్గర కుదరలేదు, పెద్దయ్యాక ఓట్ల దగ్గర కుదరలేదు. ఒక కవిత కుదిర్చింది. కవిత్వం మనుషుల్ని కలుపుతుందని సభల్లో అంటే ఇదేనేమో.

పుస్తకం పేజీలు కట్టేది ఆదాము కూతురు బ్లెస్సీయే, కమాన్‌బజార్ వెనక ఒక చిన్న ప్రెస్సులో. ఆ పేజీ ఉన్న ఫారం ఇవాళ మధ్యాహ్నం మిషనెక్కాలి. ఉంచాలో తీసెయ్యాలో పన్నెండు లోపల చెప్పమంది.

పద్మప్రియ చేతులు తుడుచుకుంది. నిజానికి ఆ కవిత రాసింది అమ్మను పట్టివ్వడానికి కాదు. చిన్నప్పుడు తనకు దొరికిన మొట్టమొదటి ఉద్యోగం అది. ఒంటిపూట బడి నుంచి రాగానే అమ్మ తినడానికి బెల్లంముక్క ఇచ్చి, "నాయనమ్మ కదిలితే ఎక్కం చదువు" అని వసారా గడపలో కూర్చోబెట్టేది. వెనక దొడ్లో గిన్నె మీద గింజ పడే చప్పుడు. టిక్. టిక్. ఎండ. దూరంగా డిపోలో కలప దించుతున్నవాళ్ల కేకలు. ఇద్దరాడవాళ్లు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. ఆ నవ్వు మళ్లీ ఎక్కడా వినలేదు పద్మప్రియ. దాన్ని పట్టుకుందామనే నలభై ఏళ్ల పైన ఆగి పదహారు పంక్తులు రాసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఇక్కడ గోరుచుట్టు అమ్మది, రోకలి తనది.

ఫోను తీసింది. బ్లెస్సీ పేరు మీద వేలు పెట్టింది. ఒక పేజీ పోతే పుస్తకం మునిగిపోదు. నూట పన్నెండు పేజీలున్నాయి. వేలు కదల్లేదు.

గేటు బయట షేరాటో ఆగింది.

"ఏయ్, ఆపినవా, ఆగినవా? దిగనియ్యవయ్యా. డెబ్బై రెండేండ్ల కాళ్లివి, నీ హారన్‌కు దిగవు."

మురళీకృష్ణ లేచి నిలబడ్డాడు. వెంకటకృష్ణ పేపరు మొదటిసారి దిగింది.

విశ్రాంతమ్మ తెల్ల జరీ అంచు చీర కట్టుకుంది, చర్చికి వెళ్లేటప్పుడు కట్టేది. చేతికర్ర గుమ్మానికి ఆనించి, తలకు రాసిన నూనె మెడ దాకా కారుతుంటే కొంగుతో తుడుచుకుని, పద్మప్రియను ఎగాదిగా చూసింది.

"నా పేరు తీసేస్తున్నవంట గదా బిడ్డా."

"కూర్చో చిన్నమ్మా. మంచినీళ్లు తెస్తా."

"నీళ్లు తర్వాత. తీసేస్తున్నవా?"

"ఆదాముకి ఇబ్బంది అవుతుందని..."

"వాడు సంఘంల పెద్ద. ఇంట్ల చిన్నోడే." కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుంది. "నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడ అచ్చు కాలే. దాంట్ల గూడ విశాంతమ్మ అని రాసిండ్రు. ఇన్నేండ్లకు ఒక్కసారి సక్కగ అచ్చయితాంటే, మీకందరికి కడుపునొప్పి లేస్తాంది. ఏం మురళీ, నీక్కూడనా?"

మురళీకృష్ణ ఫోను జేబులో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు అతని ముక్కు తుడిచిన చెయ్యి అది.

"బ్లెస్సీ చదివింది గని ఫోన్ల జల్దీ జల్దీ చదివింది. నువ్వు చదువు."

పద్మప్రియ చదివింది. 'పడుకుంది' దగ్గర ఆగింది. విశ్రాంతమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఒడిలో ఆమె కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

"ఒక్కటి తప్పు" అంది చివర్న. "మూడు చేతులు గాదు, రెండే. ఒక చేత్తోని ఆదాముగాన్ని పట్టుకున్న. వాడప్పుడు ఎనిమిది నెలలోడు. గింజ కనపడితే నోట్లె వేసుకునేటోడు. సంఘపెద్ద ఎన్ని తలంబ్రాలు తిన్నడో నాకెరుక."

వెంకటకృష్ణ నవ్వు దాచడానికి మళ్లీ పేపరెత్తాడు. అది తలకిందులుగా ఉంది.

"మిగిలిందంత మంచిగున్నది బిడ్డా." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నేను ఎవ్వరికి చెప్పలే. మా ఆయనకు గూడ చెప్పలే. నవమినాడు టీవీల కల్యాణం వస్తది గదా, ఆదాము ఛానల్ మారుస్తడు. నేను వంటింట్ల గిన్నెలు కడుగుకుంట అనుకుంట, నా గింజలు గూడ ఒకసారి ఆమె నెత్తిన పడ్డయి గదా అని. ఎవల దేవుడైతేంది, పెండ్లి పెండ్లే. ఆడపిల్ల పెండ్లికి వాడకట్టంత చెయ్యేస్తది. నేను గూడ వేసిన. మా ఆయన పోయిన ఏడు, పెద్దబిడ్డ కాపరం చెడ్డ ఏడు, ఏమనుకున్ననో ఎరుకనా? పోనీ తీ, ఒక్క మంచి పనైతే చేసిన అనుకున్న. ఆ ఒక్కటి అచ్చులుంటే మీకేం పోయింది?"

గది గడియ చప్పుడైంది.

సుబ్బరత్నం తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క రోజులో చీర వదులైనట్టు కనపడింది. చేతిలో పసుపుగుడ్డ మూట.

"పడలేదు విశ్రాంతం" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నీ గింజలు సీతమ్మ తలమీద పడలేదు. అసలు భద్రాచలమే పోలేదు." మూట ఎత్తి చూపించింది. "ఇవే."

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. పద్మప్రియ సరిగా కట్టలేదు. కట్టడానికి ఎవరూ కదల్లేదు.

"మా అత్తగారికి తెలిసిపోయింది" అంది సుబ్బరత్నం. మాట్లాడుతున్నది విశ్రాంతమ్మతోనే అయినా ఆవిడ చూపు నేలమీద ఉంది. "బస్సు బయల్దేరే పొద్దున దాకా ఏమీ అనలేదు. భద్రాచలం పోయే వాళ్లొచ్చి వాకిట్లో నిలబడ్డాక, తన చేత్తో వేరే మూట కట్టి ఇచ్చింది. నన్ను లోపలికి పిలిచి, 'ఇవి కోళ్లకు పారబొయ్యి' అంది. కేకలు కూడా వెయ్యలేదు. నేను నోరెత్తలేదు. ఇరవై తొమ్మిదేళ్లు నాకు. నోరెత్తలేదు."

"నాయనమ్మకి ఎలా తెలిసింది?" అంది పద్మప్రియ. "నేను కాపలా ఉన్నాగా. ఒక్కసారి కూడా తప్పలేదు."

సుబ్బరత్నం అప్పుడు తలెత్తి కూతుర్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

"నీకప్పటికి ఎనిమిదో ఎక్కమే రాదు. అలాంటి పిల్ల రోజూ మధ్యాహ్నం గడపలో కూర్చుని పదమూడోది గుక్కతిప్పుకోకుండా చదువుతుంటే, మీ నాయనమ్మ పద్మావతమ్మగారికి అనుమానం రాదా? కిటికీలోంచి చూసింది."

పద్మప్రియ గోడకు ఆనుకుంది. ఆ కవితలో తనకు అన్నిటికంటే ఇష్టమైన పంక్తి మొదటిదే.

"ఆ సాయంత్రం నువ్వడిగావు, పంపినవా అని" సుబ్బరత్నం మళ్లీ విశ్రాంతమ్మ వైపు తిరిగింది. "నేను తల ఊపాను."

"ఊపినవ్."

"నోటితో అబద్ధం చెప్పలేదని చాన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. పారబొయ్యడానికి చేతులు రాలేదు. దాచాను. ఎవరో చూసి అవేంటని అడిగితే, స్వామి దగ్గర నుంచి వచ్చినవన్నాను. ఇక అప్పటి నుంచి అవి స్వామి దగ్గర నుంచి వచ్చినవే అయ్యాయి. దీని పెళ్లికి అవే, వీడి పెళ్లికి అవే. ఇంట్లో ఎవరి తలమీద పడ్డా నీ గింజలే పడ్డాయి. సీతమ్మకే చేరలేదు." కూతుర్ని చూపించింది. "దీనికి అందుకే చెప్పాను. ఆఖర్న తప్పు రాశావని."

మురళీకృష్ణ మెల్లగా కూర్చున్నాడు. "అయితే మొక్కు తీరనేలేదు. మరి నేను బతికింది..."

"సూదుల మీద" అన్నాడు వెంకటకృష్ణ. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

పద్మప్రియకు విశ్రాంతమ్మ ముఖం చూడాలంటే భయమేసింది. ఇంతసేపూ వెలిగిన ముఖం అది. కొత్త పేరు రాసిన పలక మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టుగా ఉంది ఇప్పుడు.

"నవమి వెళ్లిన వారానికి మీ గుడ్ ఫ్రైడే వచ్చింది" అంది సుబ్బరత్నం, ఎవరూ అడక్కపోయినా. "పసిబిడ్డ తల్లివైనా నువ్వు ఉపవాసమున్నావు. ఆ పూట నేనూ తినలేదు. నీకు చెప్పలేక తినలేదు. ఆ తరవాత ఏ ఏడూ తినలేదు. క్యాలెండర్లో ఎర్ర అంకె చూసుకుంటాను."

వెంకటకృష్ణ పేపరు పూర్తిగా మడిచి పక్కన పెట్టాడు.

"ఎన్నింటికి విడుస్తవ్?" అని అడిగింది విశ్రాంతమ్మ.

"మూడింటికి. మజ్జిగ తాగుతాను."

"ఊఁ. మూడే. మేం విడిచేది గూడ అప్పుడే."

విశ్రాంతమ్మ చెయ్యి చాపింది. సుబ్బరత్నం నడిచొచ్చి మూట ఆ చేతిలో పెట్టింది. ముడి బిగుసుకుపోయింది. విశ్రాంతమ్మ గోళ్లు ఇప్పుడు అరిగిపోయి, వేళ్ల చివర్లలోకి కుంగిపోయి ఉన్నాయి. రెండుసార్లు ప్రయత్నించింది, రాలేదు. మురళీకృష్ణ లేచొచ్చి ఆమె కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, తలొంచుకునే ముడి విప్పాడు.

వేపాకు పొడి, కర్పూరం వాసన. అడుగున దోసెడు గింజలు, పాతబడి దంతం రంగుకు తిరిగినవి.

విశ్రాంతమ్మ ఒక గింజ తీసి కిటికీ వెలుతురుకు పట్టింది.

"మొన ఉన్నది" అంది తనలో తను. తరవాత, సుబ్బరత్నం వైపు చూడకుండానే, "పారబొయ్యిమంటె పారబొయ్యలే. అది సరే రత్నమ్మా. ఇన్నేండ్లు నాకు చెప్పలే. పక్కపక్కన కూసోని ఎన్ని ఆవకాయలు కలిపినం మనం? అది ఎట్ల సరైతది?"

గదిలోంచి ఇంతదూరం రావడానికే సుబ్బరత్నానికి నలభై ఏళ్లు పట్టింది. ఇంకో మాటకు ఎంత పడుతుందో.

"పళ్లెం తేవే బిడ్డా" అంది విశ్రాంతమ్మ. "పురుగు పట్టినయి ఎన్నో, మంచియెన్నో చూడాలె. నవమి ఎప్పుడు?"

పద్మప్రియ నోరు తెరిచేలోపే మురళీకృష్ణ అన్నాడు, "ఇంక పదకొండు రోజులున్నది." అన్నాక, అన్నది తనేనా అన్నట్టు చుట్టూ చూశాడు.

స్టీలు పళ్లెంలో గింజలు పడ్డాయి. సుబ్బరత్నం నెమ్మదిగా నేలమీద కూర్చుంది. పళ్లెం ఇటు పక్క ఆవిడ, అటు పక్క కుర్చీ దిగి కూర్చున్న విశ్రాంతమ్మ. సుబ్బరత్నం కుడి బొటనవేలి గోరు గోరుచుట్టు తరవాత వంకరగానే వచ్చింది. ఆ వంకర గోరుతో ఒక్కో గింజ జరుపుతోంది. టిక్. టిక్.

పద్మప్రియ ఆ చప్పుడు వింటూ నిలబడిపోయింది. కొత్త కంటితో చూస్తే అమ్మకు అన్నీ తప్పులే కనపడుతున్నాయి. పాత చెవితో వింటే తనకు అన్నీ ఒప్పుగానే వినపడుతున్నాయి.

ఫోను మోగింది. బ్లెస్సీ.

"అత్తా, పన్నెండయింది. నలభై రెండో పేజీ ఉంచాల్నా, తియ్యాల్నా?"

"ఉంచు. ఆఖరి నాలుగు పంక్తులు మాత్రం ఆపు."

"ఎందుకు?"

"అవి ఇంకా జరగలేదు."

అవతల కాసేపు మిషన్ల చప్పుడు. "జరగనియి ఎన్నింటికల్లా జరుగుతయత్తా? మిషనాయన నాలుగింటికి పోతడు."

"పదకొండు రోజులు."

"ఆదివారం ఆవిష్కరణ గదా."

ఆ మాట నిజమే.

"ఇంకోటత్తా" బ్లెస్సీ గొంతు తగ్గింది. "నాయనమ్మ మీ ఇంటికొచ్చిందని డాడీకి తెలిసింది. బయల్దేరిండు. మంచిగ లేడు. మీ ఇంట్ల ఆ తలంబ్రాల మూట ఉంటది గదా, ఆమెను అది మాత్రం ముట్టుకోనియ్యకు, సరేనా?"

గేటు దగ్గర బండి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. ఆదాము బూట్లు విప్పుకుంటున్నాడు, ఒకటి, రెండోది. నెమ్మదస్తులకు కోపమొచ్చినా బూట్లు వరసగానే పెడతారు.

పద్మప్రియ గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఏం చెప్పాలో ఆలోచించుకుందామనుకుంది. ఆలోచన రాలేదు. యాభై రెండేళ్ల నోరు దానంతటదే తెరుచుకుంది.

"పదమూడొకట్ల పదమూడు" అంది గట్టిగా.

మెట్టెక్కబోతున్న ఆదాము ఆగి, తలెత్తి చూశాడు. "ఏందక్కా?"

"పదమూడు రెళ్లు ఇరవయ్యారు. పదమూడు మూళ్లు..."

వెనక హాల్లో కొంగులు సర్దుకునే అలికిడి కోసం ఆమె చెవులు రిక్కించింది.

టిక్. టిక్. ఈసారి ఆ చప్పుడు ఆగలేదు.